కొండకి ఇటు పది, అటు తొమ్మిది

విమానాశ్రయం, విచారణ కౌంటర్
మంగళవారం

చిరంజీవి సెకనుముల్లుకి అక్క దీవెనలు.

ఫోన్లో నేను ఒకటంటే నువ్వు ఇంకోటి విని "ఆహా, మంచిదే" అంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఎప్పట్లాగే కెప్టెన్ చేతికిచ్చి పంపుతున్నా. కొట్లో జనం ముందు చదవకు, ఇంటికెళ్ళి చదువు.

నాన్చడం నాకు చేతకాదని నీకు తెలుసు. మూడు నెలల్లో మన మంగళ, శుక్రవారాల విమానం ఆపేస్తున్నారు. దాంతోపాటే నాకూ సెలవు.

పంతొమ్మిది సీట్లుంటే ఆరుగురో ఏడుగురో ఎక్కుతున్నారు, అందులో ఒకరు ఎప్పుడూ ఆ పశువుల డాక్టరే. లెక్కలు రాసుకోవడానికి హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. "రెండూళ్ళ మధ్య దూరమెంత మేడం?" అన్నాడు. "ఏ దూరం కావాలి?" అన్నాను. గీత గీసినట్టు పోతే రెండు వందల ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. శిఖరాన్ని తప్పించుకుని వంపు తిరుగుతుంది కాబట్టి విమానానికి రెండు వందల అరవై రెండు. రోడ్డు మీదైతే కొండలన్నీ చుట్టి ఆరు వందల పది, రెండు బస్సులు, పదహారు గంటలు. "ఒక్క అంకె చెప్పండి చాలు" అన్నాడు. ఒక్క అంకెలో ఇమిడే సంగతైతే ఇరవై నాలుగేళ్ళు నేనిక్కడ ఎందుకు కూర్చుంటాను, నువ్వే చెప్పు.

ఇంకా వినోదం ఏమిటంటే, టైంటేబుల్లో మీ ఊళ్ళో ఎనిమిదీ పదికి బయల్దేరి ఇక్కడ పదీ ఐదుకి దిగుతుందని చూసి, తీసివేత చేసి, "ప్రయాణ సమయం గంటా యాభై ఐదు నిమిషాలు" అని రాసుకున్నాడు. "అయ్యా, కొండ దాటితే గంట మారుతుంది. మాకు పదైతే వాళ్ళకింకా తొమ్మిదే. మీరో గంట ఎక్కువేశారు. యాభై ఐదు నిమిషాలే, అందులో గాల్లో ఉండేది నలభై మూడు" అన్నాను. కొట్టేసి దిద్దుకున్నాడు. దిద్దుకున్నా ఆపేస్తున్నారనుకో.

హాలు ఖాళీ చెయ్యమన్నారు. నువ్వు బాగుచేసి పంపిన గోడ గడియారం ఉంది కదా, అది ప్రయాణికులు కూర్చునే బల్ల ఎదురుగా గోడకే ఉంది. నవ్వుతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు గానీ, అందులో నేను మీ ఊరి టైము పెట్టుకున్నాను. నువ్వు కొట్టు తీశావో లేదో, భోజనానికి లేచావో లేదో చూసుకోవడానికి. దాని కింద ఫలానా ఊరి టైమని చీటీ అంటించమని మా పై ఆఫీసరు ఎప్పుడూ పోరేవాడు. నేను అంటించలేదు. నా తమ్ముడి టైముకి చీటీ ఏమిటి? ఇప్పుడు దాన్ని దింపాలి.

నా తుంటికి పదహారు గంటల బస్సు పడదు. నీకేమో రెండో మలుపు దగ్గరే కడుపులో ఉన్నవన్నీ బయటికొస్తాయి. ఇక మనం మొహాలు చూసుకోవడం ఎలాగో ఆలోచించు. మరదలికి నా దీవెనలు.

అక్క


గడియారాల కొట్టు
శుక్రవారం

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఇంట్లోనే చదివాను. నీ మరదలికి రెండుసార్లు వినిపించాల్సొచ్చింది. ఆ అధికారి తీసివేత దగ్గర తను నవ్వి, విమానం ఆగిపోతుందన్న చోట మళ్ళీ చదవమంది.

ఇక్కడ అందరం బాగున్నాం. చెవి ఇంకాస్త మందగించింది. ఒకందుకు మేలే, కొట్లో అరవై గడియారాలు ఒక్కసారి గంటలు కొట్టినా నాకు ప్రశాంతంగానే ఉంటుంది. బడి గోపురం మీది గడియారం మళ్ళీ ఆగింది. నిచ్చెన ఎక్కితే కాళ్ళు వణుకుతున్నాయక్కా, ఆ మాట ఇంకా బడివాళ్ళకి చెప్పలేదు.

నేనొకటి అనుకుంటున్నాను. ఆఖరి వారం మంగళవారం విమానంలో నేను అక్కడికొస్తాను. మూడు రోజులు నీ దగ్గరుండి, శుక్రవారం నాటి ఆఖరి విమానంలో తిరిగొస్తాను. తర్వాత సంగతి తర్వాత. అమ్మ కోసం వచ్చిన ఆ ఒక్కసారి తప్ప నేను ఆ విమానం ఎక్కిందే లేదు. ఆరేళ్ళయింది. ఆ రోజు అది ఆలస్యం చేసినా దాని మీద నాకు కోపమేమీ లేదు, పాపం ముసలి విమానం.

టిక్కెట్టు నువ్వే రాయి, నీ చేత్తో రాసినదైతే బాగుంటుంది.

తమ్ముడు


విమానాశ్రయం
మంగళవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. నా వల్ల కాలేదు.

"ఆలస్యం చేసినా" అన్నావు. ఆ మాట మళ్ళీ ఎందుకన్నావురా? ఆరేళ్ళు నేను నోరు మూసుకున్నాను కదా, నువ్వూ మూసుకుంటే పోయేది. ఈ విమానం ఆలస్యమైన రోజులన్నీ నాకు కంఠస్థం. మంచుకి తొమ్మిది సార్లు, గాలికి నాలుగు సార్లు, రన్‌వే మీదికి గేదెలొచ్చి ఒకసారి. ఆ రోజు కాలేదు. పదీ ఐదుకి దిగిందని రిజిస్టర్లో ఉంది.

అమ్మకి ఆపరేషన్ బాగానే జరిగింది, వచ్చి చూసిపొమ్మని నేనే నీకు రాశాను. పదిన్నరకి గాని లోపలికి వదలరనీ రాశాను. కానీ ఆ పొద్దున ఎనిమిదింటికి అమ్మకి ఊపిరి బరువైంది. పదీ పావుకి నర్సుల గదిలోంచి కౌంటర్‌కి ఫోన్ చేశాను. "దిగిందండీ, మీ తమ్ముడు దిగడం నేను చూశాను" అన్నాడు నా తోటి ఆయన. అక్కణ్ణుంచి ఆస్పత్రికి నడిచినా పావుగంట. అమ్మ దగ్గరికెళ్ళి, "వాడు దిగాడమ్మా, పావుగంటలో వచ్చేస్తాడు" అన్నాను. పావుగంట అయ్యాక మళ్ళీ అదే మాట అన్నాను. మూడోసారి కూడా అన్నాను. పదకొండూ ఐదుకి అమ్మ పోయింది. పదకొండున్నరకి నువ్వు సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "విమానం ఆలస్యమైందక్కా" అన్నావు.

కౌంటర్లో కూర్చునేదాన్ని, విమానం ఎప్పుడు దిగిందో నాకు తెలియదనుకున్నావా? పోనీలే, దుఃఖంలో ఏదో అన్నాడు, వాడే చెప్తాడులే అని చూశాను. ఆరేళ్ళు చూశాను. అమ్మ చివరిసారి నా నోటి నుంచి విన్నది అబద్ధం అయిపోయింది, అదీ నీ వల్ల.

గంటా ఇరవై ఐదు నిమిషాలు ఎక్కడున్నావు? పోతున్న మనిషిని చూడలేక ఎక్కడో కూర్చున్నావా? అదైనా చెప్పు, ఒప్పుకుంటాను. చెప్పేదాకా టిక్కెట్టు రాయను. చెప్పడం ఇష్టం లేకపోతే రావొద్దు. విమానం ఎలాగూ పోతోంది, దాంతోపాటే ఇదీ పోతుంది.

అక్క


ఇంటి నుంచి
శుక్రవారం

వదినగారికి నమస్కారం.

నేను మీకు విడిగా ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పుగా అనుకోవద్దు. ఆయన మీకు నాలుగు ఉత్తరాలు రాసి నాలుగూ చించేశారు. నెల రోజులుగా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. నిన్న ఎవరిదో బాగానే నడుస్తున్న వాచీని విప్పేసి, మళ్ళీ బిగించలేక తల పట్టుకున్నారు. నాకూ పూర్తిగా చెప్పరు. అడిగితే "అక్కకి దెబ్బ తగులుతుంది" అంటారు. మీరు ఆయన్ని కొట్టినా తిట్టినా పడతారు గానీ, మాట్లాడకుండా మాత్రం ఉండకండి.

మీ మరదలు


గడియారాల కొట్టు
మంగళవారం

అక్కా,

నీకు తెలిసి ఆరేళ్ళూ ఊరుకున్నావంటే నాకు తల ఎత్తాలని లేదు. చెప్తాను.

నేను ఎక్కడికీ పోలేదు. మీ హాల్లోనే, స్తంభం చాటునున్న బల్ల మీద కూర్చున్నాను.

అమ్మ చేతి వాచీ గుర్తుందా, వెండి అంచుది? అంతకుముందు ఏడాది కెప్టెన్ చేత పంపించి బాగుచెయ్యమంది. ఊళ్ళోవాళ్ళ వాచీలన్నీ చేశాను, అమ్మది మాత్రం రేపు, ఎల్లుండి అంటూ సొరుగులోనే ఉంచాను. ఇంటి మనిషిదే కదా, ఏం తొందర అని. ఆ రోజు బయల్దేరేటప్పుడు దాన్నీ చిన్న పనిముట్లనీ జేబులో వేసుకున్నాను. విమానంలో కెప్టెన్ "గడియారాలు గంట ముందుకి తిప్పుకోండి" అన్నట్టు లీలగా వినపడింది. తిప్పాననే అనుకున్నాను. కంగారులో ఉన్నాను కదా, నా వాచీ మర మీద వేలు వేశాను గానీ తిప్పలేదు. దిగేసరికి నా లెక్కకి తొమ్మిదీ ఐదు. పదిన్నరకి గాని వదలరన్నావు. ఇంకా గంటన్నర ఉంది కదా, అమ్మ చేతిలో నడిచే వాచీ పెడదామని అక్కడే కూర్చుని విప్పాను.

అక్కా, ఆ గంట నేను ఎంత సంతోషంగా పనిచేశానో చెప్తే నువ్వు ఇంకా బాధపడతావు. పది దాటాక అది నడిచింది. చెవి దగ్గర పెట్టుకుంటే అప్పట్లో నాకు వినపడేది. జేబులో వేసుకుని నడుచుకుంటూ వచ్చాను. వార్డు గోడ మీద పదకొండున్నర చూశాను, మంచం చూశాను, నిన్ను చూశాను.

గడియారాలు బాగుచేసేవాడు టైము తప్పి తల్లిని పోగొట్టుకున్నాడంటే ఎలా చెప్పుకోను? నెపం విమానం మీద నెట్టేశాను. తప్పంతా నాదే, ఇంకెవరిదీ కాదు. నన్ను రానిస్తే వస్తాను. వద్దంటే అదీ న్యాయమే.

తమ్ముడు


విమానాశ్రయం
శుక్రవారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మొదట కోపమే వచ్చింది. ఇంత మాత్రానికి ఆరేళ్ళు దాస్తావా వెర్రివాడా అని. తర్వాత ఒక మాట దగ్గర ఆగిపోయాను. గంటకి పైగా కూర్చున్నాడు, ఒక్కసారీ తల ఎత్తలేదా? నువ్వు ఊరికే కూర్చునేవాడివి కాదు. చిన్నప్పుడు ఎవరింటికెళ్ళినా ముందు గోడ గడియారం చూసి, నీ వాచీ చూసి, రెండూ కలిస్తే గాని మంచినీళ్ళు తాగేవాడివి కాదు. రెండు గడియారాలు ఒకే మాట చెప్తే అది నిజం అనేవాడివి.

విమానం వెళ్ళిపోయాక హాల్లో ఎవరూ లేరు. నీ ఉత్తరం పట్టుకుని ఆ బల్ల మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అక్కడ కూర్చోలేదురా, నా చోటు కౌంటర్ వెనకాలే. తల ఎత్తి చూశాను. ఆఫీసు గడియారం స్తంభం చాటున పడింది, కనపడదు. కనపడేది నాదొక్కటే. మీ ఊరి టైము. కింద చీటీ లేదు.

నువ్వు దాన్నే చూశావు కదూ. నీ వాచీ తొమ్మిదీ ఐదు, అదీ తొమ్మిదీ ఐదు. ముల్లు తిప్పేశానని నమ్మకం కుదిరింది. ఇది నాకు చెప్పకూడదనే "తప్పంతా నాదే, ఇంకెవరిదీ కాదు" అని రాశావు. 'అక్కకి దెబ్బ తగులుతుంది' అన్నావని మరదలు రాసిన మాట నాకు అప్పుడర్థమైంది.

ఇంతకాలం నిన్ను తిట్టుకున్నాను. కూర్చున్నా లేచినా తిట్టుకున్నాను. తీరా చూస్తే అమ్మకీ నీకూ మధ్య ఆ గడియారం పెట్టింది నేను. చీటీ అంటించమని పై ఆఫీసరు మొత్తుకుంటే పొగరుగా నవ్వినదాన్ని. ఇవాళ దాన్ని దింపి, మొహం గోడవైపు తిప్పి పెట్టాను.

నువ్వు రావద్దు. కోపంతో కాదు. నీ మొహం చూడటానికి నాకు మొహం లేదు.

అక్క


గడియారాల కొట్టు
మంగళవారం

అక్కా,

నేను నీకు ఎదురు చెప్పి ఎరగను. ఈసారి చెప్తాను, ఏమీ అనుకోకు.

నా అబద్ధానికి లేని గొప్పతనం అంటగట్టకు. మొదట ఆడింది నా సిగ్గు కప్పుకోవడానికే. ఆ గడియారం సంగతి అప్పటికి నాకూ తెలియదు. పనులన్నీ అయ్యాక తిరుగు విమానం కోసం మళ్ళీ అదే బల్ల మీద కూర్చున్నాను. అప్పటికి నా వాచీ మీ టైముకి తిప్పేశాను. గోడ గడియారం ఒక గంట వెనక ఉంది. పాడైందేమోనని లేచి దగ్గరికెళ్ళాను. సెకనుముల్లు శుభ్రంగా నడుస్తోంది. ఎక్కడి టైమిది అనుకుని, మా ఊరిదని తట్టింది. అక్కడే నిలబడి ఏడ్చాను. అమ్మ కోసం కాదు. ఇంత దూరాన ఒక మనిషి రోజూ తల ఎత్తి నాకు ఎన్ని గంటలైందో చూసుకుంటోందని. ఆ తర్వాత ఆడిన అబద్ధం మాత్రం నీ కోసమే. నిజం చెప్తే నువ్వు దాన్ని దింపేస్తావని నాకు తెలుసు. ఇప్పుడు దింపేశావు కదా.

అప్పట్నుంచీ ఒంటిగంట కొట్టగానే ఎంత పనున్నా భోజనానికి లేస్తున్నాను. అక్క చూస్తుంటుంది, ఇంకా లేవలేదేమిటి అనుకుంటుంది అని. నీ మరదల్ని అడుగు. నీ ఉత్తరాలు వచ్చాకే ఈ నెల లయ తప్పింది.

తప్పెవరిదో తేల్చుకుంటూ కూర్చుంటే ఉన్న విమానం కాస్తా పోతుంది. ముల్లు తిప్పనివాణ్ణి నేను, చీటీ పెట్టనిదానివి నువ్వు. ఇద్దరం కలిసే తప్పాం, ఇద్దరం కలిసే మోద్దాం. ఇంక నాలుగు విమానాలే ఉన్నాయి. నేను ఆరు వందల పది కిలోమీటర్లు వాంతులు చేసుకుంటూనైనా వస్తాను, అది నీకిష్టమైతే అలాగే కానీ. లేకపోతే టిక్కెట్టు రాయి.

తమ్ముడు


విమానాశ్రయం, విచారణ కౌంటర్
ఆఖరి మంగళవారం

చిరంజీవి సెకనుముల్లుకి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివాక గడియారాన్ని మళ్ళీ మేకుకి తగిలించాను. పన్నెండూ యాభై ఐదు నుంచి చూస్తూ నిలబడి, ఒంటిగంటకి కూర్చున్నాను. నువ్వు లేచావనే అనుకున్నాను.

నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. నిన్ను నొప్పించాలని ఆ ఉత్తరంలో కావాలనే వదిలేశాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ పొద్దున అమ్మ అడిగింది నువ్వు ఎప్పుడొస్తావని కాదురా. "వాడు గాల్లో ఉన్నాడా? కొండ దాటాడా?" అని అడిగింది. విమానమంటే అమ్మకి ప్రాణభయం కదా, ఊపిరి ఆడకపోయినా అదే ధ్యాస. పదీ పావుకి నేను "దిగాడమ్మా" అనగానే కళ్ళు మూసుకుని, "హమ్మయ్య, నేల మీదున్నాడు కదా, ఇంక మెల్లగా రానీ" అంది. నేను రెండోసారి, మూడోసారి పావుగంట పావుగంట అన్నది అమ్మ అడిగితే కాదు, నా కంగారు నేను ఆపుకోలేక. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఎందుకే, రానీ" అనే అంది. అంటే అమ్మ విన్నది అబద్ధం కాదు. నువ్వు నిజంగానే దిగావు, నిజంగానే నేల మీదున్నావు. ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే నువ్వు ఇంతకాలం ఇలా కుమిలేవాడివి కాదు. ఆరేళ్ళు దాచింది నువ్వొక్కడివే కాదు.

ఇక అసలు సంగతి. నీకు టిక్కెట్టు రాయలేదు. నాకు రాసుకున్నాను.

ఇవాళ నువ్వొచ్చి ఉన్నా మూడు రోజులకే తిరిగి పోవాలి. మూడు రోజులు నాకు ఏ మూలకి? అందుకని శుక్రవారం నాటి ఆఖరి విమానంలో నేనే వస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఎంతమందిని ఎక్కించానో గానీ ఒక్కసారీ ఎక్కలేదు. అమ్మ భయం ఆస్తిలా నాకే వచ్చింది. కెప్టెన్‌తో చెప్తే, "మీరా మేడం? మీరెక్కడం చూశాక నేను రిటైరైపోయినా ఫర్వాలేదు" అన్నాడు. పశువుల డాక్టరు తన పక్క సీటు ఇచ్చాడు, కళ్ళు మూసుకుంటే చెయ్యి పట్టుకుంటానన్నాడు. గేదెలకి చేసే వైద్యం నాకు చెయ్యొద్దని చెప్పాను.

తిరుగు టిక్కెట్టు లేదు. తీసుకుందామన్నా విమానం లేదు. ఇల్లు అద్దెకిచ్చేశాను, సామాను బస్సులో వస్తుంది. ఎన్నాళ్ళుంటావు అని నువ్వు అడక్కు. మరదల్ని మాత్రం అడగమను, ఆవిడకి ఆ హక్కుంది.

విమానం ఇక్కడ పదీ నలభైకి లేస్తుంది. అక్కడ దిగేది మీ టైముకి పదీ ముప్ఫై ఐదుకి. ప్రింటు తప్పని గొడవ చెయ్యకు. ఇన్నేళ్ళు ఈ అంకెలు బోర్డు మీద నా చేత్తో రాశాను, ఒక్కనాడూ వాటి వంక సరిగ్గా చూడలేదు. బయల్దేరిన టైము కంటే ఐదు నిమిషాల ముందే నీ దగ్గరుంటాను. అటు నుంచి ఇటొస్తే పోయే గంట, ఇటు నుంచి అటొస్తే చేతికొస్తుందిరా. ఆ గంట మనిద్దరం కూర్చుని అమ్మ మాటలు చెప్పుకుందాం.

పొద్దున్నే వచ్చి కాపలా కాయకు. గిరాకీ చూసుకుని, కొట్టు మరదలికి అప్పజెప్పి మెల్లగా రా. ఆలస్యమైనా ఫర్వాలేదురా, నేనెక్కడికీ పోను.

అక్క